మే నెల వచ్చినా ముసలి గుర్రానికి బొచ్చు రాలకపోతే

సందేహం: మాది గుంటూరు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెడుతుంటాం. మా తెల్ల గుర్రానికి 20 ఏళ్లు దాటాయి. మే నెలాఖరు వచ్చినా చలికాలం బొచ్చు రాలలేదు. దవడ కింద, పొట్ట కింద ఇంకా పొడుగ్గా, వంకీలు తిరిగి ఉంది. వీపు మీద కండ పోయింది, పొట్ట మాత్రం వేలాడుతోంది. నీళ్లు బాగా తాగుతోంది. నీరసమని ఉలవ గుగ్గిళ్లు, బెల్లం పెంచాం. వారం నుంచి మలుపు తిప్పబోతే మొరాయిస్తోంది. ఇది వయసు వల్లేనా? శ్రావణం పెళ్లిళ్లకు పనికొస్తుందా?

జవాబు: ముందు బెల్లం ఆపండి, ఈ రోజే. ఉలవలు, తవుడు కూడా ప్రస్తుతానికి వద్దు. ప్రేమతోనే పెట్టారని తెలుసు. చిక్కిపోయిన జీవాన్ని చూస్తే ఎవరికైనా ఇంకాస్త బలం పెట్టాలనిపిస్తుంది. కానీ మీరు చెప్పిన లక్షణాలున్న గుర్రానికి తీపి, పిండి పదార్థం గిట్టల మీద దెబ్బకొడతాయి.

మలుపు దగ్గర మొరాయించడం మొండితనం కాదు, నొప్పి. మన గోరు వేలికి అంటుకున్నట్టే గిట్ట గోడ లోపలి ఎముకకు సన్నని పొరలతో అంటుకుని ఉంటుంది. ఆ పొరలు దెబ్బతింటే ఎముక పట్టు తప్పి కిందికి దిగుతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. ముందు కాళ్లు ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతోందేమో చూడండి. గిట్ట పైన, కీలు వెనక వేలు పెడితే నాడి గట్టిగా కొట్టుకుంటున్నా అదే అనుమానం. నడిపించకండి, వ్యానెక్కించకండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసో, దగ్గరి పశువైద్యుణ్ణి పిలిచో ఇంటి దగ్గరే చూపించండి. ఆయన వచ్చేలోగా కాళ్ల కింద అడుగు మందాన మెత్తటి ఇసుక పోయండి. నొప్పి ఇంజెక్షన్ ఆయనే ఇస్తారు. కాస్త తేరుకున్నాక గిట్టల ఎక్స్‌రే గురించి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో అడగండి.

ఇక అసలు జబ్బు సంగతి. వయసు వల్ల గుర్రం నెమ్మదిస్తుంది గానీ, బొచ్చు రాలకుండా నిలిచిపోదు. మన వేడికి చలికాలంలో కూడా బొచ్చు అంతగా పెరగదు. అలాంటిది మే ఎండలో ఉన్ని కప్పుకున్నట్టు ఉందంటే అనుమానించాల్సింది పిట్యూటరీ గ్రంథినే. మెదడు అడుగున ఉండే ఈ గ్రంథి మధ్య భాగాన్ని డోపమిన్ అనే రసాయనం అదుపులో ఉంచుతుంది. 15 ఏళ్లు దాటిన కొన్ని గుర్రాల్లో ఆ డోపమిన్ పంపే నరాలు క్షీణిస్తాయి. అదుపు తప్పిన గ్రంథి ఏసీటీహెచ్ వంటి హార్మోన్లను అతిగా వదులుతుంది. పీపీఐడీ అంటారు, కుషింగ్స్ అన్నా ఇదే. కండ కరగడం, పొట్ట జారడం, అతిదాహం, పుండ్లు మానకపోవడం, మాటిమాటికీ గిట్టలో చీము పట్టడం అన్నీ దీని గుర్తులే.

దాహాన్ని అంచనాతో కాకుండా బకెట్లతో కొలవండి. 300 కిలోల గుర్రం మామూలుగా రోజుకు 15 లీటర్ల వరకు తాగుతుంది. ఎండకు ఇంకొంత పెరుగుతుంది. నీడన, పని లేకుండా ఉండి కూడా 30 లీటర్లు దాటితే అది జబ్బే.

నిర్ధారణకు రక్తంలో ఏసీటీహెచ్ చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపిన ఈడీటీఏ ట్యూబులో తీసి, చల్లగా ఉంచి, కొద్ది గంటల్లోనే ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) వేరుచేయాలి. మనుషుల ల్యాబులో చేయించినా, అక్కడి కాగితం మీద వేసే మనుషుల కొలతలతో పోల్చకూడదు. కార్టిసాల్ అనే మరో హార్మోన్‌ను ఒక్కసారి చూసి తేల్చేయడమూ తప్పే, ఈ జబ్బులో అది మామూలుగానే ఉండొచ్చు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు, ప్రయాణం చేసి వచ్చినప్పుడు ఏసీటీహెచ్ అంకె పెరుగుతుంది కాబట్టి కాస్త కుదుటపడ్డాక తీయించండి. అలాగని నాన్చొద్దు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆరోగ్యంగా ఉన్న గుర్రంలోనూ ఏసీటీహెచ్ పెరుగుతుంది, అప్పుడు ఫలితం చదవడం కష్టం. అదే రక్తంలో ఇన్సులిన్ చూడమనండి, గిట్టల ముప్పు ఎంతో దాన్నిబట్టే తెలుస్తుంది. సర్రా అనే జబ్బు ఉందేమో రక్తం స్లైడు పరీక్ష కూడా అడగండి. జోరీగల వల్ల వచ్చే ఆ జబ్బులోనూ గుర్రం ఇలాగే చిక్కిపోతుంది, దాని మందు వేరు.

పీపీఐడీ అని తేలితే పూర్తిగా నయం చేసే మందు లేదు, అదుపు చేసేది ఉంది. పేరు పెర్గోలైడ్, జీవితాంతం రోజూ నోటి ద్వారా ఇవ్వాలి. మామూలుగా కిలో బరువుకు 2 మైక్రోగ్రాములతో, అంటే 300 కిలోలకు సుమారు 0.6 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. బరువు కోసం ఛాతీ చుట్టుకొలతను దాంతోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవుతో మళ్లీ గుణించి (అన్నీ సెంటీమీటర్లలో) 11,900తో భాగించండి. మందు మొదలెట్టిన కొత్తలో గుర్రం మేత తినడం తగ్గిస్తే డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గించి మెల్లగా పెంచుతారు. నెల, నెలన్నరలో మళ్లీ రక్తం చూడాలి. మనుషుల మందుల షాపులో దొరికే ఏదో మాత్రను సొంతంగా వేయొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు పెర్గోలైడ్ మాత్రను చేత్తో ముట్టకూడదు. ఏ జబ్బుకైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వబోతే ఈ అనుమానం ముందే చెప్పండి, గిట్టల నొప్పి తిరగబెట్టే ప్రమాదం ఉంది.

దాణా ఆపమన్నానని పస్తు పెట్టొద్దు. 300 కిలోల గుర్రానికి రోజుకు 5, 6 కిలోల ఎండుగడ్డి కావాలి. అరగంట, గంట నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చక్కెర కొంత తగ్గుతుంది. ఈ ఎండల్లో అంతకన్నా ఉంచితే పులుస్తుంది. వరిగడ్డి ఒక్కదానితో కండ పట్టదు. డాక్టరు సరేనంటే కొద్దిగా సోయా చెక్క కలపండి. పళ్లు అరిగాయేమో చూపించండి. నట్టల మందు లద్దె పరీక్ష చేయించి వేయండి.

బొచ్చును మిషనుతో కత్తిరించండి, ఈ వేడిలో అది పెద్ద ఊరట. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. నొప్పి తగ్గే దాకా లాడాల జోలికి పోకండి.

శ్రావణం పెళ్లిళ్లకు మాత్రం ఒప్పుకోకండి. దెబ్బతిన్న గిట్టలతో తారు రోడ్డు మీద, పైన మనిషితో, బ్యాండు చప్పుళ్ల మధ్య గంటలు నిలబడటం దానికి నరకం. మందుతో దాహం, నీరసం వారాల్లో తగ్గొచ్చు గానీ గిట్ట కొత్తగా పైనుంచి కిందికి పెరగడానికి ఏడాది దాకా పడుతుంది. అప్పటి ఎక్స్‌రే చూశాకే పని మాట. ఈ సీజనుకు తీసుకున్న అడ్వాన్సులు మీ మరో గుర్రానికి మార్చుకోండి, లేదా తిరిగిచ్చేయండి.