యోగా థెరపీ, ఆయుర్వేదం రెండూ నేర్చుకుంటానంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నానమ్మా. ఋషికేశ్‌లో 200 గంటల టీచర్ ట్రైనింగ్ అయిపోయింది, ఇప్పుడు ఉద్యోగం మానేసి యోగా థెరపీ, ఆయుర్వేదం రెండూ కలిపి నేర్చుకుని ప్రాక్టీస్ పెడతాను, ఏ కోర్సులో చేరమంటావు పెద్దమ్మా అని అడిగావు. ఈలోపు మీ అమ్మ ఫోన్ చేసి "నువ్వైనా చెప్పక్కా, బంగారం లాంటి జాబ్ వదిలేస్తానంటోంది" అని ఒకటే బాధ. నేను వద్దని చెప్పను. కానీ నువ్వడిగిన ప్రశ్న కంటే ముందు తేల్చుకోవాల్సినది ఒకటుంది, అది రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నువ్వు డాక్టర్ అవ్వాలనుకుంటున్నావా, థెరపిస్ట్ అవ్వాలనుకుంటున్నావా? ఈ రెండూ ఒకటి కాదు. ఆయుర్వేదంలో మందు రాయాలంటే బి.ఎ.ఎం.ఎస్. అనే ఆయుర్వేద డాక్టర్ డిగ్రీ చెయ్యాలి, దానికి నీట్ రాయాలి, ఇంటర్లో బైపీసీ ఉండాలి, నాలుగున్నరేళ్ళు చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. యోగా, ప్రకృతి వైద్యం కలిపి బి.ఎన్.వై.ఎస్. అని ఇంకోటుంది, హైదరాబాద్ అమీర్‌పేటలో గవర్నమెంట్ కాలేజీ కూడా ఉంది, అదీ ఐదున్నరేళ్ళే, అదీ బైపీసీ వాళ్ళకే. నువ్వేమో ఎంపీసీ చదివావు. 27 ఏళ్ళకి మళ్ళీ బయాలజీ మొదలుపెట్టి వెళ్తానంటే నేను సంతోషిస్తాను, ఫీజు విషయంలో సాయం కూడా చేస్తాను, కానీ అంత మనసు లేకపోతే మాత్రం మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ తీసుకుని ఆయుర్వేద ప్రాక్టీషనర్ అని బోర్డు పెట్టుకోకు తల్లీ. మన దేశంలో రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు వైద్యం చెయ్యకూడదు, దానికి 2020లో వచ్చిన చట్టం ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎదురుగా కూర్చున్న మనిషి నిన్ను నమ్మి వాళ్ళు వాడుతున్న మాత్రలన్నీ బల్ల మీద పెడతారు, అందులో ఏది దేనికో తెలియకుండా కషాయం ఇవ్వడం చాలా తప్పు.

నీకు సరిపోయే దారి నాకైతే ఇలా అనిపిస్తోంది. యోగా థెరపీ గట్టిగా, పూర్తిగా నేర్చుకో, ఆయుర్వేదం అర్థమయ్యేంత నేర్చుకో, రిజిస్టర్ అయిన ఒక ఆయుర్వేద డాక్టర్ పక్కన కూర్చుని పని చెయ్యి. రెండూ కలపడం అంటే ఒక్క మనిషే రెండు పనులూ చెయ్యాలని ఏం లేదు, ఒకే గదిలో ఇద్దరు ఒకే పేషెంట్ గురించి మాట్లాడుకుంటే అదే కలపడం. ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి ఫలితాలన్నీ అలా వచ్చినవే.

టీచర్ ట్రైనింగ్ థెరపీ కాదు, ఇది బాగా గుర్తుంచుకో. మీలాంటి యోగా టీచర్లని రిజిస్టర్ చేసే అమెరికా సంస్థ యోగా అలయన్స్ వాళ్ళే 2016లో తమ సర్టిఫికెట్ పెట్టుకుని థెరపీ అనే మాట వాడుకోవద్దని రూలు పెట్టారు. క్లాసులో 20 మందికి ఆసనం చెప్పడం వేరు, నొప్పితో వచ్చిన ఒక్కరికి చెప్పడం వేరు. బెంగళూరు దగ్గర జిగణిలో ఎస్-వ్యాస అనే యోగా యూనివర్సిటీ ఉంది, అక్కడి ఆసుపత్రి ఆరోగ్యధామలో పేషెంట్లు ఉండి ట్రీట్‌మెంట్ తీసుకుంటారు కాబట్టి కళ్ళతో చూసి నేర్చుకోవచ్చు. మహారాష్ట్రలోని లోనావ్లాలో కైవల్యధామ అనే యోగా సంస్థ 1924 నుంచీ ఉంది, కువలయానంద స్వామి పెట్టినది, యోగాని ల్యాబ్‌లో పరీక్షించి చూడటం అక్కడ మొదటి నుంచీ ఉన్న పద్ధతి. చెన్నైలో యోగా గురువు దేశికాచార్ గారు 1976లో పెట్టిన కృష్ణమాచార్య యోగ మందిరంలో ఒక్కొక్కరికీ విడిగా, ఆ మనిషికి తగ్గట్టు అభ్యాసం రాసిచ్చే పద్ధతి నేర్పిస్తారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ వాళ్ళ యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షల్లో థెరపిస్ట్‌కి కూడా లెవెల్స్ ఉన్నాయి, అది తర్వాత రాసుకోవచ్చు. ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు ఒకటే అడుగు, కోర్సు అయ్యేలోపు నేను ఎంతమంది పేషెంట్లని చూస్తాను, నేను చూసేటప్పుడు పక్కన ఎవరుంటారు అని. దానికి సూటిగా జవాబు రాకపోతే బిల్డింగ్ ఎంత బాగున్నా వచ్చేయ్. అప్పు చేసి మాత్రం చేరకు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తాను, ఎవరికీ పెద్దగా చెప్పలేదు. బి.ఎ.ఎం.ఎస్. అయ్యి ప్రాక్టీస్ పెట్టిన కొత్తల్లో నడుం నొప్పి అని ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. నాకు అప్పటికే యోగా అంటే పిచ్చి, నడుం బిగుసుకుపోయింది కదా అని తైలం రాయించి, కాళ్ళు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనం వేయించాను, రోజూ ఇంకొంచెం వంగండి మాస్టారూ అని. నాలుగో రోజు ఆయన కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చారు, పిక్క దాకా తిమ్మిరి. డిస్క్ జారి ఉంది, ముందుకి వంగిన ప్రతిసారీ నరం మీద ఒత్తిడి పెరిగింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, "నువ్వేం చేస్తావమ్మా, నా వయసు" అన్నారు. ఆ మాటకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

అప్పటి నుంచీ నడుం నొప్పి అని ఎవరొచ్చినా ముందు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు నెమ్మదిగా పైకెత్తుతాను. తొడ వెనక లాగుతోంది అంటే కండరం బిగుతు కావచ్చు, మోకాలు దాటి కిందకి కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటోంది అంటే ముందుకి వంగే ఆసనం ఒక్కటి కూడా ఇవ్వను. మూత్రం మీద కంట్రోల్ తప్పుతోందన్నా, కూర్చునే చోట స్పర్శ లేదన్నా ఆసనం లేదు, తైలం లేదు, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి. ఏది ఇవ్వాలో చాలామందికి తెలుసు అమ్మలూ, ఏది ఎవరికి ఇవ్వకూడదో ముందు నేర్చుకో. బీపీ ఉన్నవాళ్ళకి, గర్భిణీలకి, హెర్నియా ఉన్నవాళ్ళకి కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా, బలంగా ఊపిరి వదిలేవి వద్దు. గ్లకోమా ఉన్నవాళ్ళకి తలకిందులుగా చేసే ఆసనాలు వద్దు, కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. బీపీ వాళ్ళకి ఉప్పునీళ్ళు తాగి కడుపు శుభ్రం చేసుకునే క్రియలు వద్దు.

ఇక రెండు శాస్త్రాలూ ఎక్కడ కలుస్తాయో చూడు, నాకు ఇష్టమైన భాగం ఇదే. హఠయోగ ప్రదీపికలోనే ఉంది, కొవ్వు, కఫం ఎక్కువున్నవాళ్ళు ముందు షట్కర్మలు, అంటే ఒంటిని శుభ్రం చేసే ఆరు క్రియలు చెయ్యాలి, వాత, పిత్త, కఫ దోషాలు సమంగా ఉన్నవాళ్ళు చెయ్యక్కర్లేదు అని. అంటే యోగా గ్రంథమే ముందు మనిషి ప్రకృతి, అంటే ఒంటి తత్వం చూడమంటోంది. అటు ఆయుర్వేదంలో వ్యాయామం అర్ధశక్తితో, అంటే ఉన్న బలంలో సగమే వాడి చెయ్యమన్నారు, నుదుటి మీదా ముక్కు మీదా చంకల్లో చెమట పట్టి, నోటితో ఊపిరి తీసుకోవడం మొదలైతే అక్కడితో ఆపాలి. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే చాలామందికి దెబ్బలు తగలకుండా కాపాడతావు. పైగా ఆ సగం బలం కూడా చలికాలంలో, వసంతంలో మాట, ఎండాకాలంలో ఇంకా తగ్గించమన్నారు. మన రాజమండ్రిలో రోహిణీ కార్తెలో ఏసీ లేని హాల్లో భస్త్రికలు చేయించేవాళ్ళని చూస్తే నాకు గుండె దడగా ఉంటుంది. ఆ ఎండల్లో నేను చేయించేవి శీతలి, నాడీశోధన లాంటి నెమ్మదైన ప్రాణాయామాలు, పడుకుని చేసేవి, అంతే.

అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో మొదటి భాగం, సూత్రస్థానం మొదలుపెట్టు, దినచర్య, ఋతుచర్య అధ్యాయాలు చాలు ముందు. సంస్కృతం రాదని భయపడకు, తెలుగు లిపిలో రోజుకి రెండు శ్లోకాలు పైకి చదువుతూ పోతే నోరు తిరుగుతుంది, అర్థం వెనకాలే వస్తుంది. దాంతో పాటు అనాటమీ, ఇది మాత్రం వదిలిపెట్టొద్దు.

ప్రశ్న అడగడం నేర్చుకో. ఆకలి ఎలా ఉంది అంటే అందరూ బాగానే ఉందండీ అంటారు. నేనలా అడగను, "పొద్దున టిఫిన్ టైం అయ్యిందని తింటున్నారా, ఆకలేసి తింటున్నారా, ఒకవేళ టిఫిన్ మానేస్తే ఎన్నింటికి కడుపు అడుగుతుంది" అంటాను. అప్పుడు ఆగి ఆలోచిస్తారు. ఆకలి తెలిసి చాలా రోజులైందండీ అని ఒకావిడ అన్నారు, ఆవిడ వచ్చింది మోకాళ్ళ నొప్పులకి! నాలుక చూస్తే తెల్లగా పాచి. ఆవిడకి మొదటి పది రోజులు మోకాలు ముట్టుకోలేదు, రాత్రి భోజనం ఏడింటికి మార్చి, తేలిక చేసి, శొంఠి నీళ్ళు ఇచ్చి, కూర్చుని ఊపిరి తీసుకోవడం నేర్పాను. తర్వాత జానుబస్తి, అంటే మోకాలి మీద గోరువెచ్చని తైలం నిలబెట్టే చికిత్స మొదలుపెట్టాం.

జానుబస్తి నువ్వు నీ చేత్తో చెయ్యాలి, వీడియో చూస్తే రాదు. మినప్పిండి చపాతీ ముద్ద కంటే కాస్త గట్టిగా కలిపి, తాడులా చేసి మోకాలి చుట్టూ గట్టు కట్టాలి, లోపలి అంచు తడివేలితో నొక్కుతూ పోవాలి, ఎక్కడ సందు ఉన్నా తైలం కారి దుప్పటి పాడవుతుంది. తైలం గిన్నెని వేడినీళ్ళలో పెట్టి కాచాలి గానీ నేరుగా మంట మీద కాదు, పొయ్యబోయే ముందు నీ వేలు ముంచి చూసుకోవాలి, సుగర్ ఉన్నవాళ్ళకి స్పర్శ తక్కువ, కాలినా చెప్పరు. చల్లారుతున్న కొద్దీ దూదితో తీసి వేడిది పోస్తూ ఓ అరగంట. అంతసేపు పక్కనే కూర్చుంటావు కదా, మనుషులు అప్పుడే అసలు సంగతులు చెప్తారు. కోడలితో మాటలు లేవనో, కొడుకు అమెరికా నుంచి ఫోన్ చెయ్యడం లేదనో. అవీ రాసుకోవాలి, ఎందుకంటే నిద్ర పట్టకపోవడానికి కారణం అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, కిందకి నొక్కి ఐదు అంకెలు పట్టి వదలడం, పదిసార్లు. తైలం నొప్పి తగ్గిస్తుంది, తొడ కండకి బలం వస్తేనే మెట్లు ఎక్కగలరు. రెండూ కావాలి అనేది అందుకే.

సుగర్ వాళ్ళ విషయంలో ఒక్క మాట. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ నీ నోటితో మానెయ్యమని ఎప్పుడూ చెప్పకు, తగ్గించాలంటే రాసిన డాక్టరే తగ్గించాలి. అభ్యాసం పెరిగేకొద్దీ సుగర్ పడిపోవచ్చు, చెమటలు, చేతులు వణకడం కనిపిస్తే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వు, గదిలో ఎప్పుడూ పెట్టుకో. సుగర్ నయం చేస్తాం అని ప్రకటన వేస్తే అదీ నేరమే, 1954 నాటి చట్టం.

ఉద్యోగం వెంటనే మానెయ్యకు. ముందు సెలవు పెట్టి కార్తీకమాసంలో నా దగ్గరకొచ్చి నెల రోజులు ఉండు. మంగళ, శుక్రవారాలు మోకాళ్ళ వాళ్ళు ఎక్కువ వస్తారు, మొదటి వారం నువ్వేం చెయ్యొద్దు, నా పక్కన కూర్చుని ఊరికే చూడు, వాళ్ళు గుమ్మం లోంచి కుర్చీ దాకా ఎలా నడిచొచ్చారో రాసుకో. సాయంత్రం ఇద్దరం కూర్చుని నీ నోట్సు, నా నోట్సు పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. పాత కాటన్ డ్రెస్సులే తెచ్చుకో, తైలం మరక పోదు. ఒక లావుపాటి నోట్‌బుక్ కూడా. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ పెద్దమ్మ