సంతాప సభకు ముందు ఒకసారి ల్యాబ్‌కి వెళ్ళిరా

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ఎల్లుండి సభలో మన ల్యాబ్ అసిస్టెంట్ గారి గురించి నిన్నే మాట్లాడమన్నారనీ, రాయబోతే నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయిందనీ అన్నావు. ఆ నాలుగూ చదివాను. మృదుస్వభావి, అంకితభావం, అజాతశత్రువు, తీరని లోటు. ఏమీ అనుకోకు, పేరు మారిస్తే ఇవి ఎవరికైనా సరిపోతాయి. కొట్టెయ్.

కాగితం పక్కన పెట్టి, ఎవరూ లేని వేళ చూసుకుని ల్యాబ్‌కి వెళ్ళు. సీసాల మీద ఆయన అంటించిన చీటీలు చదువు. ద్రావణం పేరు, గాఢత, కలిపిన తేదీ, అన్నీ ఆ గుండ్రటి చేతిరాతలోనే ఉంటాయి. థయోసల్ఫేట్ ద్రావణం నిలవుంటే గాఢత మారుతుందని, ప్రాక్టికల్స్‌కి ముందు మళ్ళీ సరిచూసి పాత అంకె కొట్టేసి కొత్తది వేసేవారు. ఆ కొట్టివేతల గురించి చెప్పు చాలు, అంకితభావం అనే మాట అక్కర్లేదు.

నాకైతే ఆయన పేరు చెప్పగానే గరాటు గుర్తొస్తుంది. కొత్త పిల్లలు బ్యూరెట్‌ని, అదే ద్రావణం కొలిచే గీతల గాజు గొట్టాన్ని, నింపి గరాటు పైనే వదిలేస్తారు కదా. దాని కాడకి పట్టుకున్న చుక్క మధ్యలో జారిందంటే రీడింగ్ పోయినట్టే. ఆయన వెనకనుంచి వచ్చి, రెండు వేళ్ళతో గరాటు తీసి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డెమాన్‌స్ట్రేషన్ ఇస్తుంటే, క్లాసు మొత్తం చూస్తుండగా నా గరాటూ అలాగే తీశారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ మర్చిపోలేదనుకో.

ఇలాంటివి నీకూ ఉంటాయి. చాలకపోతే స్టోర్స్‌లోవాళ్ళనీ, పాత విద్యార్థులనీ అడుగు. "ఆయన ఎలాంటివారు?" అని మాత్రం అడగకు, అందరూ "మంచివారు" అనేస్తారు. "నిన్ను ఎందుకు తిట్టారు?" అని అడుగు, కథలు వాటంతటవే వస్తాయి. బ్యాలెన్స్ పళ్ళెంలో పొడి ఒలికించి తుడవకుండా పోతే ఆయన నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. అదీ చెప్పు. సభలో ఒకసారి నవ్వు వస్తే తప్పేం లేదు.

పరిశోధన పత్రాల్లో ఆయన పేరు వెతికితే దొరకదు. ఇది మన దగ్గరే పుట్టిన అలవాటు కాదులే. రోజూ వెలిగించే బున్సెన్ బర్నర్‌నే చూడు. 1855 ప్రాంతంలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దాన్ని తయారుచేసి ఇచ్చింది అక్కడి మెకానిక్ పీటర్ డెసాగా. పేరు ప్రొఫెసర్ బున్సెన్‌కి మిగిలింది. అందుకే ఎవరి థీసిస్‌లో ఏ పని ఆయన చేతిమీదుగా జరిగిందో కనుక్కుని, ఒక్కటైనా విడమరిచి చెప్పు.

ఇంట్లోవాళ్ళకి ముందే ఒక ఫోన్ చెయ్యి. జబ్బు గురించి ఎత్తాలో వద్దో వాళ్ళిష్టం. ఆయన ల్యాబ్‌లో ఎలా ఉండేవారో వాళ్ళు చూసి ఉండరు, ఆ మనిషిని నువ్వు చూపించాలి. ఐదు నిమిషాలు దాటనివ్వకు. ఇంట్లో ఒకసారి పైకి చదువుకో. గొంతు పట్టేసిన చోట ఆగి నీళ్ళు తాగు, టెన్షన్ పడకు, ఎవరూ తొందరపెట్టరు.

ఇంకోమాట. గుర్తుగా ఏదైనా దాచాలనిపిస్తే ఆయన రికార్డు పుస్తకాలు దాచండి, సీసాలు వద్దు. అలమార వెనక పాత ఈథర్ సీసా కనిపిస్తే అసలు ముట్టుకోకు. నిలవున్న ఈథర్‌లో పెరాక్సైడ్లు చేరతాయి, మూత తిప్పితే ఆ రాపిడికే పేలొచ్చు. సేఫ్టీ చూసేవాళ్ళకి చెప్పు. ఆయనే ఉంటే నిన్ను ఆ అలమార దరిదాపులకి కూడా రానిచ్చేవారు కాదు.

మోకాళ్ళ నొప్పుల వల్ల నేను రాలేను. నువ్వు చదివిన కాగితం నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు