డార్క్ మాటర్ కోసం మైక్రోలెన్సింగ్: ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

హనుమకొండలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్న తమ్ముడు అడిగింది ఇది: "మన గెలాక్సీని చుట్టి ఉన్న పెద్ద గోళంలో, అంటే హేలోలో, కంటికి కనిపించని డార్క్ మాటర్‌ను మైక్రోలెన్సింగ్‌తో వెతుకుతారు కదా, మాకు పెద్ద టెలిస్కోప్ లేదు, ఈ టాపిక్ తీసుకోవచ్చా? ఇన్నేళ్లు వెతికినా దొరకలేదంటున్నారు, దండగ కాదా?"

తమ్మీ, ధైర్యంగా తీసుకో. కాకతీయ యూనివర్సిటీలో నా ప్రాజెక్టు కూడా ఇదే. టెలిస్కోప్ ముట్టకుండానే చేసిన. ఉన్నా పెద్దగా అక్కరకు రాకపోయేది. ఈ వేట ఎక్కువగా జరిగింది లార్జ్ మెజిలానిక్ క్లౌడ్ నక్షత్రాల మీద. పేరుకు మేఘమే గానీ, అది మన పక్కనున్న చిన్న గెలాక్సీ. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అందుకే ఆ మేఘం మనకు దక్షిణ దిక్కున 3 డిగ్రీల ఎత్తు కూడా సరిగ్గా ఎక్కదు. నైనితాల్‌లోనైతే ఉదయించనే ఉదయించదు. అక్కడి మనవాళ్లు 1.04 మీటర్ల టెలిస్కోప్‌ను ఆండ్రోమెడా గెలాక్సీ వైపు తిప్పి ఇదే పని చేసిన్రు.

ఈ మైక్రోలెన్సింగ్ పద్ధతి 1986లో ఖగోళ శాస్త్రవేత్త బోదాన్ పచిన్‌స్కీ చెప్పింది. హేలోలో వెలుగులేని బరువైన వస్తువు ఏదైనా దూరపు నక్షత్రానికి అడ్డంగా వస్తే, దాని గురుత్వాకర్షణకు కాంతి వంగి ఆ నక్షత్రం కొన్నాళ్లు ఎక్కువగా వెలుగుతది. హేలో మొత్తం అట్లాంటి వస్తువులతోనే నిండి ఉన్నా, ఒక క్షణాన ఇట్లా వెలిగేది దాదాపు 20 లక్షల నక్షత్రాల్లో ఒకటే. అందుకే కోట్ల నక్షత్రాలను ఏళ్లకేళ్లు చూడాలె. అడ్డొచ్చింది సూర్యుడంత బరువుదైతే ఆ వెలుగు సుమారు రెండు నెలల లెక్క. బరువు వంద రెట్లయితే కాలం పది రెట్లు.

ఇప్పుడు నీ "దండగ" మాటకు వస్తా. ఆస్ట్రేలియాలో మాచో బృందం 2000లో హేలోలో సుమారు 20 శాతం ఇట్లాంటి వెలుగులేని వస్తువులే ఉండొచ్చన్నది. చిలీ నుంచి చూసిన ఈరోస్ బృందం 2007లో అంత లేదని, 8 శాతం లోపేనని తేల్చింది. 2015లో గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరం బరువైన బ్లాక్‌హోల్స్ జాడ పట్టినంక, డార్క్ మాటర్ అవేనేమోనన్న ఆశ మళ్లీ లేచింది. దానికి 2024లో ఓగ్లే బృందం జవాబిచ్చింది. దాదాపు 8 కోట్ల నక్షత్రాలు, 20 ఏళ్ల డేటా. డార్క్ మాటర్ అంతా 10 సూర్యుల బరువున్న బ్లాక్‌హోల్స్ అయితే ఇట్లా నక్షత్రం వెలిగే ఘటనలు 258 కనిపించాలె. దొరికినవి 13. అవి కూడా మామూలు నక్షత్రాల వల్లేనని లెక్క సరిపోయింది. దొరకకపోవడమే ఇక్కడ ఫలితం. నా మట్టుకు ఈ రంగంలో ఇంత శుభ్రమైన ఫలితం ఇంకోటి లేదు.

అసలు కష్టం ఆ 258 అనే అంకె తేవడంలో ఉంది, నీ ప్రాజెక్టు కూడా అక్కడే పెట్టుకో. ఎన్ని ఘటనలు జరిగినయన్నది ఒకటి, జరిగినవాటిలో మన కంటికి ఎన్ని చిక్కుతయన్నది ఇంకోటి. మబ్బులు, పున్నమి రాత్రులు డేటాలో ఖాళీలు పెడతయి. అన్నిటికంటే నన్ను సతాయించింది బ్లెండింగ్. మేడారం జాతరల రాత్రిపూట దూరంనుంచి చూస్తే రెండు మూడు దీపాలు కలిసి ఒక్కటిగా కనిపించినట్టు, ఆ మేఘంలో పక్కపక్క నక్షత్రాలు ఒకే చుక్కగా పడతయి. వాటిలో ఒక్కటే పెరిగితే మొత్తం వెలుగు తక్కువ పెరిగినట్టు, ఘటన త్వరగా అయిపోయినట్టు కనిపిస్తది. పట్టించుకోకుండా గ్రాఫ్ గీస్తే, అడ్డొచ్చిన వస్తువుకు వచ్చే బరువు తప్పు.

పని ఇట్లా మొదలుపెట్టు: ఓగ్లే అర్లీ వార్నింగ్ సిస్టమ్‌లో గెలాక్సీ నడిబొడ్డు వైపు ఘటనల డేటా ఎవరైనా దింపుకోవచ్చు. వెలుగు పెరిగి తగ్గే తీరును చూపే పచిన్‌స్కీ గ్రాఫ్‌ను పైథాన్‌లో ఆ డేటాకు కూర్చు, బ్లెండింగ్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. తర్వాత ఉత్త నక్షత్రాల డేటాలో నువ్వే దొంగ ఘటనలు కలిపి, నీ ప్రోగ్రాం ఎన్నిటిని పడుతుందో చూడు. నేను మార్కుల కోసం మొదటిదాంతో ఆపేద్దామనుకున్నా, రెండోదాన్ని మా గైడ్ పట్టుబట్టి చేయించిన్రు, వైవాలో ప్రశ్నలన్నీ దాని మీదే వచ్చినయి. పక్కన, తమంతట తామే వెలుగు మారే నక్షత్రాలను కూడా కొన్ని పెట్టు. లెన్సింగ్‌కు ఎరుపైనా నీలమైనా ఒకే తీరు పెరుగుదల, మారే నక్షత్రాలకు అట్లుండదు. ల్యాప్‌టాప్ మామూలుదైనా చాలు.