నరం బతికే ఉంటే పని ఎందుకు ఆపుతుంది?

పోయిన సంచికలో మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఒంటి రోగనిరోధక శక్తే నరాల మీది పొరను దెబ్బతీసే ఎం.ఎస్. జబ్బు గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగింది మందుల పేర్లు కాదు, నరం లోపల అసలేం జరుగుతోందని. అందుకే ఈసారి అంతా అయాన్ ఛానెళ్ల గురించే, అంటే సోడియం, పొటాషియం లాంటివి నరంలోకి వచ్చిపోయే సన్నని తలుపుల గురించి.

ప్రశ్న: నాకు ఎం.ఎస్. మొదట కుడి కన్ను మసకబారింది, స్టెరాయిడ్లతో చాలావరకు తగ్గింది. ఇప్పుడు వేడినీళ్ల స్నానం చేసినా, వేగంగా నడిచి ఒళ్లు వేడెక్కినా అదే కన్ను మళ్లీ మసకబారుతోంది. చల్లబడ్డాక మామూలే. ప్రతిసారీ మళ్లీ అటాక్ వచ్చిందేమోనని టెన్షన్. దెబ్బతిన్న నరం ఎప్పుడూ ఒకేలా ఉండాలి కదా, పొద్దున పనిచేసి మధ్యాహ్నం మానేయడమేమిటి?

జవాబు: మీకొచ్చేది అటాక్ కాదు. దీన్ని 1890లోనే విల్‌హెల్మ్ ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గమనించాడు, ఆయన పేరుతోనే ఉథాఫ్ లక్షణం అంటారు. ఎందుకు వస్తుందో తెలియాలంటే నరం మీద సంకేతం ఎలా నడుస్తుందో కాస్త చూడాలి.

నరపు తీగ చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. అది మొత్తం కప్పి ఉండదు, కొంత దూరానికోసారి ఒక సన్నని ఖాళీ వదులుతుంది. వాటికి రాన్వియర్ నోడ్లని పేరు. సోడియం ఛానెళ్లన్నీ ఈ ఖాళీల్లోనే కిక్కిరిసి ఉంటాయి. సంకేతం రాగానే అవి తెరుచుకుని బయటి సోడియాన్ని లోపలికి వదులుతాయి, అక్కడ పుట్టిన కరెంటు తర్వాతి నోడ్‌ను లేపుతుంది, అది ఆ తర్వాతి దాన్ని. సంకేతం ఇలా దూకుతూ పోతుంది కాబట్టే లావుపాటి నరాల్లో సెకనుకు వంద మీటర్ల దాకా వేగం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నరంలో ఒక్కో నోడ్ దగ్గర పుట్టే కరెంటు అవసరమైన దానికి చాలా రెట్లు ఎక్కువ, అంటే కొంత పోయినా పని ఆగదు. మైలిన్ ఊడిన చోట మాత్రం కన్నాలు పడ్డ గొట్టంలో నీళ్లలాగా కరెంటు దారిలోనే కారిపోతుంది, తర్వాతి నోడ్‌కు చేరేది బొటాబొటీగా సరిపోతుంది.

ఇక వేడి సంగతి. ఒళ్లు వేడెక్కితే సోడియం ఛానెళ్లు త్వరగా తెరుచుకుంటాయి, అంతకన్నా త్వరగా మూసుకుంటాయి. దాంతో ఒక్కో సంకేతంలో లోపలికొచ్చే సోడియం తగ్గుతుంది. మామూలు నరానికి అదో లెక్క కాదు, మీ కంటి నరంలో మైలిన్ ఊడిన చోట మాత్రం ఆ కాస్త తగ్గుదలకే సంకేతం ఆగిపోతుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు. చల్లబడగానే మళ్లీ దాటుతుంది. కొత్తగా చచ్చిపోయింది ఏదీ లేదు.

డాక్టర్లు అటాక్ అనేది కొత్త లక్షణం గానీ, పాతదే బాగా ముదిరి గానీ కనీసం 24 గంటలు, జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకుండా ఉన్నప్పుడు. జ్వరం వస్తే పాత లక్షణాలన్నీ ఒక్కసారిగా పైకొస్తాయి, అందుకే ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూస్తారు. స్నానానికి గోరువెచ్చని నీళ్లు వాడండి. ఎం.ఆర్.ఐ. లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూసేవాళ్లు, ఆ పరీక్ష ఇంట్లో మాత్రం చేసి చూడకండి, కాళ్లు పట్టు తప్పి అందులోంచి లేవలేకపోతే ప్రమాదం.

ప్రశ్న: నేను బయాలజీ చదువుతున్నాను. మైలిన్ పోయిన చోట కొత్త సోడియం ఛానెళ్లు వచ్చి నరాన్ని కాపాడతాయని ఒకచోట చదివాను, అవే నరాన్ని చంపుతాయని ఇంకోచోట. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మాలి, ఈ పరిశోధన అంతా తిరిగేది ఆ తిరకాసు చుట్టూనే. నోడ్ దగ్గర చదరపు మైక్రాన్‌కు దాదాపు వెయ్యి సోడియం ఛానెళ్లుంటే, మైలిన్ కింద పాతిక కూడా ఉండవు. పైగా ఆ మైలిన్ అంచు కిందే పొటాషియం ఛానెళ్లు దాక్కుని ఉంటాయి. పొర ఊడితే తెరుచుకోవాల్సిన ఛానెళ్లు లేని బోసి తీగ, దానికితోడు సంకేతాన్ని అణచే పొటాషియం ఛానెళ్లు బయటపడటం, రెండూ ఒకేసారి జరుగుతాయి. అందుకే అటాక్ మొదట్లో చూపో కాలో పూర్తిగా పోయినట్టుంటుంది.

తర్వాత కొన్ని వారాలకు నరం ఆ బోసి తీగ పొడవునా కొత్తగా సోడియం ఛానెళ్లు పరుచుకుంటుంది. సంకేతం ఇక దూకదు, నెమ్మదిగా పాకుతుంది, అయినా చేరుతుంది. వాపు తగ్గడంతో పాటు మనిషి కోలుకోవడానికి ఇదీ ఒక కారణం. చూపు బాగయ్యాక కూడా, కంటికి చూపించినదానికి మెదడు ఎంతసేపట్లో స్పందిస్తుందో కొలిచే వి.ఇ.పి. పరీక్షలో మామూలుగా దాదాపు 100 మిల్లీసెకన్లకు రావాల్సిన అల ఆలస్యంగా వస్తుంది చూడండి, దారిలో మైలిన్ పోయిందని చెప్పే గుర్తు అదే.

ఇంతవరకూ మంచి కథే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ వచ్చే ఛానెల్ ఏ రకం అన్న దగ్గర. ఎన్.ఎ.వి. 1.2, 1.6 అని రెండు రకాలు కనిపిస్తాయి. 1.6 రకం సంకేతం అయిపోయాక కూడా పూర్తిగా మూసుకోదు, సన్నగా సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది. వచ్చిన సోడియాన్ని బయటికి తోడే పంపు, కణానికి ఇంధనం లాంటి ఏ.టి.పి. మీద నడుస్తుంది. వాపున్న చోట పుట్టే నైట్రిక్ ఆక్సైడ్, ఆ ఏ.టి.పి.ని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది కాబట్టి ఏ.టి.పి. తగ్గుతుంది, పంపు మందగిస్తుంది, సోడియం పేరుకుపోతుంది. అప్పుడు మామూలుగా కాల్షియాన్ని బయటికి పంపే ఎక్స్‌ఛేంజర్ అనే ప్రోటీన్ తిరగబడి సోడియాన్ని బయటికి, కాల్షియాన్ని లోపలికి పంపడం మొదలుపెడుతుంది. కాల్షియం పెరిగితే నరం లోపలి చట్రాన్ని కొరికే ఎంజైములు లేస్తాయి, తీగ తెగుతుంది. యేల్ యూనివర్సిటీలో స్టీఫెన్ వాక్స్‌మన్ బృందం చనిపోయిన ఎం.ఎస్. రోగుల నరాలు చూసి 2004లో చెప్పింది ఇదే: దెబ్బతిన్న తీగల్లో 1.6, ఆ ఎక్స్‌ఛేంజర్ పక్కపక్కనే ఉన్నాయి.

అలాగైతే సోడియం ఛానెళ్లను మూసేస్తే పోలా అని మీకు అనిపిస్తుంది, పరిశోధకులకూ అనిపించింది. సోడియం ఛానెళ్లను మూసే ఫిట్స్ మందు లామోట్రిజిన్ పరీక్ష ఫలితం 2010లో వచ్చింది, మెదడు కుంచించుకుపోవడం ఆగలేదు, పైగా ఒంటి మీద దద్దుర్లు, నడకలో తూలు ఎక్కువయ్యాయి. అలాంటిదే ఇంకో మందు ఫెనిటాయిన్‌తో 2016లో కొంచెం ఆశ కనిపించింది: కంటి నరం వాపు వచ్చిన 86 మందిలో, మందు వాడినవాళ్లకు రెటీనా నరాల పొర పలచబడటం సుమారు 30 శాతం తక్కువ. కానీ చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 445 మందితో చేసిన ఎం.ఎస్.-స్మార్ట్ పరీక్షలో, నరాన్ని కాపాడతాయనుకున్న అమిలోరైడ్, ఫ్లుయోక్సెటిన్, రిలుజోల్ అనే మందులు మూడూ మెదడు తగ్గుదలను ఆపలేకపోయాయి. నా మటుకు నాకు అనిపించేది, కొత్త ఛానెళ్లతో ఎలాగోలా పనిచేస్తున్న నరానికి, తెగబోతున్న నరానికి ఒకే మందు పోసినంత కాలం ఈ చిక్కు తీరదని. ఫెనిటాయిన్ వాపు మొదలైన రెండు వారాల్లోపే ఇచ్చారు, మిగతావి జబ్బు ఎప్పుడో ముదిరినవాళ్లకు. ఆ తేడా చిన్నదేమీ కాదు.

ఇంకొకటి. మామూలుగా నొప్పి నరాల్లో ఉండే 1.8 రకం ఛానెల్ ఎం.ఎస్. రోగుల్లో, ఒంటి తూకం చూసే చిన్నమెదడులోని పర్కింజె అనే నరకణాల్లోనూ కనిపించింది. అక్కడ దానికి పనిలేదు. అది ఉంటే కణం సంకేతాల వరస తప్పుతుందని ఎలుకల్లో తేలింది. అంటే తూలడం కొంతమందిలో కణాలు పోవడం వల్లే కాకుండా, ఉన్న కణం తప్పుగా మాట్లాడటం వల్ల కూడా కావచ్చు.

ప్రశ్న: మా తమ్ముడు ఫాంప్రిడిన్ వేసుకుంటున్నాడు, నడక బాగా మెరుగైంది. ఇదే జబ్బున్న తన స్నేహితుడికి అసలు పనిచేయలేదు. జబ్బు తగ్గుతున్నట్టేనా? ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు వేసుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు. రెండు వేసుకోకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ. మామూలు మోతాదు 10 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి. మోతాదు పెరిగితే ఫిట్స్ వస్తాయి. మరిచిన పూట మరిచినట్టే వదిలేసి తర్వాతి టైముకు ఒకటే వేసుకోవాలి. మాత్ర విరవకూడదు, నమలకూడదు, మందు నెమ్మదిగా విడుదలయ్యేలా దాన్ని తయారుచేశారు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినా, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా డాక్టరుకు ముందే చెప్పాలి, అలాంటివాళ్లకు ఇది ఇవ్వరు.

ఇది పైన చెప్పిన పొటాషియం ఛానెళ్లను మూస్తుంది. దాంతో సంకేతం కొంచెం ఎక్కువసేపు నిలబడి, ఆగిపోయే చోటు దాటుతుంది. అమెరికాలో 2010 జనవరిలో అనుమతి వచ్చింది. పరీక్షల్లో నికరంగా ఫలితం కనిపించింది మూడోవంతు నుంచి సుమారు నలభై శాతం మందికి, వాళ్ల నడక వేగం సగటున పాతిక శాతం పెరిగింది. మిగతావాళ్లకు ఎందుకు పనిచేయదంటే, తీగ తెగిపోయి ఉంటే దాటించడానికి అక్కడ సంకేతమే ఉండదు. మీ తమ్ముడి నడక మెరుగైందంటే జబ్బు తగ్గినట్టు కాదు, మాత్ర ఆపితే ఆ లాభమూ పోతుంది. జబ్బును అదుపు చేసే అసలు మందు వేరే ఉంటుంది, ఇది బాగుందని దాన్ని మానేయనివ్వకండి.

ప్రశ్న: నాకు ముఖంలో ఒక పక్క షాక్ కొట్టినట్టు నొప్పి. ఎం.ఎస్.కు ఫిట్స్ మందు కార్బమాజెపిన్ రాశారు. నాకు ఫిట్స్ లేవు, పొరపాటు రాశారా?

జవాబు: పొరపాటు కాదు. మైలిన్ ఊడిన నరం ఎవరూ పిలవకుండానే సంకేతాలు పంపుతుంది, మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టుండటమూ అలాంటిదే. కార్బమాజెపిన్ మాటిమాటికీ తెరుచుకునే సోడియం ఛానెళ్లను పట్టుకుని ఆపుతుంది, అందుకే ఈ నొప్పికి బాగా పనిచేస్తుంది. కానీ ఇందాకటి తిరకాసు ఇక్కడా ఉంది: అదే మందు బొటాబొటీగా నడుస్తున్న నరాన్నీ ఆపగలదు. మందు మొదలుపెట్టాక కాళ్లు బలహీనపడితే, తూలితే, జబ్బు ముదిరిందని భయపడి కూర్చోకండి, మోతాదు ఎక్కువైందేమో డాక్టరును అడగండి. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ రోజే ఫోన్ చేయండి.

ప్రశ్న: ఎం.ఎస్.కు కారణం ఒక పొటాషియం ఛానెల్ మీద దాడి చేసే యాంటీబాడీ అని చదివాను. ఆ రక్తపరీక్ష చేయించుకోవచ్చా?

జవాబు: మీరు చదివింది కె.ఐ.ఆర్. 4.1 గురించి అయ్యుంటుంది. నరాల చుట్టూ ఉండే గ్లియా కణాల మీద ఉంటూ, బయట పేరుకున్న పొటాషియాన్ని లాగేసే ఛానెల్ అది. 2012లో ఒక జర్మన్ బృందం తాము చూసిన ఎం.ఎస్. రోగుల్లో దాదాపు సగం మందికి దీని మీద యాంటీబాడీలున్నాయని ప్రకటిస్తే పెద్ద సంచలనమైంది. తర్వాత వేరే ల్యాబులు ప్రయత్నిస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. కాబట్టి ఆ పరీక్షకు డబ్బు పెట్టకండి.

ప్రశ్న: సోడియం నరాన్ని చంపుతుందంటే ఉప్పు మానేయాలా? పొటాషియం మాత్రలు వేసుకోవాలా?

జవాబు: మీరు తినే ఉప్పుకూ, నరం లోపల పేరుకునే సోడియానికీ నేరుగా సంబంధం లేదు. రక్తంలో రెండింటినీ కిడ్నీలు చాలా ఇరుకైన హద్దుల్లో ఉంచుతాయి, పొటాషియం అయితే లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్ మధ్య. దాన్ని మాత్రలతో పైకి నెడితే దెబ్బ తగిలేది ముందు గుండెకు. డాక్టరు రాయకుండా వేసుకోకండి. బి.పి. కోసం ఉప్పు తగ్గించుకోమంటే తగ్గించుకోండి, అది వేరే విషయం.