సీఎఫ్ఈ పాసయ్యాక కూడా ఏటా సీపీఈ గంటలు ఎందుకు?

పరీక్ష ఒకసారి పాసైతే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ (సీఎఫ్ఈ) హోదా నిలబడాలంటే ప్రతి 12 నెలలకూ 20 సీపీఈ గంటలు, అంటే వృత్తికి సంబంధించిన చదువు కొనసాగించిన గంటలు, చూపించాలి, అందులో కనీసం 10 నేరుగా మోసాలను పట్టుకోవడం, అరికట్టడం మీద, 2 ఎథిక్స్ మీద ఉండాలి. రిస్క్ వైపు క్రిస్క్ (ఐటీ రిస్కుల మీద ఇచ్చే సర్టిఫికేషన్) చేసినవాళ్లకైతే మూడేళ్లలో 120, ఏ ఏడాదీ 20కి తగ్గకూడదు.

ఎందుకంటే మోసం రూపం మార్చేస్తుంది. ఒకప్పుడు మనం చెక్కు మీద సంతకం పోల్చి చూసేవాళ్లం. ఇప్పుడు ఏ కాలేజీ కుర్రాడి పేరు మీదో ఉన్న సేవింగ్స్ ఖాతాలో, నెలలుగా రెండు మూడు వందలకు మించి కదలిక లేనిది, ఓ మధ్యాహ్నం పది ఊళ్ల నుంచి డబ్బు పడి, పావుగంటలో మొత్తం ఇంకో నాలుగు ఖాతాలకు వెళ్లిపోతుంది. కాగితాలన్నీ సక్రమమే, కేవైసీ కూడా ఒరిజినలే! ఇది మ్యూల్ ఖాతా (మోసగాళ్లు దోచిన డబ్బు దాటించడానికి వాడుకునే వేరొకరి ఖాతా) అని పసిగట్టడం పాత పుస్తకంతో అయ్యే పని కాదు.

నా మాట వింటే గంటలన్నీ డిసెంబరుకి పెట్టుకోకండి. నేనొకసారి అలాగే చేసి, వెబినార్ పెట్టేసి టీకి వెళ్తే, మధ్యలో వచ్చే పోల్ ప్రశ్నలకు జవాబివ్వలేదని క్రెడిట్ రాలేదు (తప్పు నాదేలెండి). సర్టిఫికెట్లు మాత్రం ఓ ఫోల్డర్‌లో దాచండి, ఆడిట్‌కి అడుగుతారు.