పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ, పునరుజ్జీవనం: ఏది ఎక్కడ వాడాలి?

మూడింటి అర్థమూ 'మళ్లీ బాగుచేయడం' అయినప్పుడు ఏదైనా వాడొచ్చా అని మీ ప్రశ్న. నా మాట: వాడకూడదు.

జీర్ణోద్ధరణలో 'జీర్ణం' అంటే శిథిలమైనది. అందుకే పాతబడిన గుడికి, మండపానికి ఇది చక్కగా సరిపోతుంది. ఆగిపోయిన కరెంటుకు జీర్ణోద్ధరణ అనం, పునరుద్ధరణ అంటాం. రైళ్ల రాకపోకలకూ అదే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయను చెరువుల పునరుద్ధరణ అన్నారు: పూడిక తీసి, కట్టను గట్టిచేసి, చెరువును పూర్వస్థితికి తేవడం.

పునరుజ్జీవనంలో ప్రాణం ఉంది. పునః, ఉత్, జీవనం కలిసిన మాట. కనుమరుగవుతున్న కళకు, ఎండిపోయిన నదికి వాడితే అందం. యూరప్ చరిత్రలోని రినైజాన్స్‌ను మన పాఠ్యపుస్తకాలు సాంస్కృతిక పునరుజ్జీవనం అన్నది అందుకే.

లైసెన్సుకు 'రెన్యువల్' అనండి, తప్పేమీ లేదు. సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం నవీకరణ.

మరి మనిషి తనను తాను పూర్తిగా మార్చుకుంటే? పై సంస్కృత పదాలేవీ అతకవు. ఉద్యోగం మానేసి సేద్యంలోకి దిగినవాణ్ణి 'రైతు అవతారం ఎత్తాడు' అంటాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన వాడుక అదే.