చెక్కతో పదంతస్తులా? అంటుకుంటే ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఆర్కిటెక్చర్ మాస్టర్స్ పూర్తిచేసింది. చెక్కతో ఎత్తయిన మేడలు డిజైన్ చేసే ఆఫీసులో వచ్చే నెల చేరుతోంది. గోడలూ శ్లాబులూ అన్నీ చెక్కేనట. నిప్పంటుకుంటే ఏం కావాలి? చెద పట్టదా? ఈ పనికి ముందు ముందు గిరాకీ ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు నిప్పు సంగతే చూద్దాం. భోగి మర్నాడు పొద్దున మంట వేసిన చోటికి వెళ్తే పుల్లలు, కొబ్బరి మట్టలు బూడిదైపోయి ఉంటాయి గానీ లావుపాటి దుంగ మాత్రం అలాగే పడి ఉంటుంది. పైనంతా నల్లటి బొగ్గు, గొడ్డలితో ఒక్క దెబ్బ వేస్తే లోపల మామూలు చెక్క రంగు. ఆ బొగ్గు పొరే వేడిని లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. ఈ మేడలకు వాడే స్ప్రూస్ లాంటి కలప నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున కాలుతుంది, అంటే గంటకు నాలుగు సెంటీమీటర్లు. ఆ నాలుగూ పోయినా మిగిలిన చెక్క బరువు మోసేలా ముందే మందం లెక్క కడతారు.

అలాగని దీన్ని దుంగతో సమానం చేసి ధైర్యం చెప్పేయను. ఈ మేడల గోడలూ శ్లాబులూ సీఎల్‌టీ (క్రాస్ లామినేటెడ్ టింబర్) అనే పలకలు. వాటిలో సన్నటి చెక్కల్ని ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి జిగురుతో అతికిస్తారు. కొన్ని జిగుర్లు వేడికి పట్టు వదిలేస్తాయి, కాలిన పొర ఊడిపడి కింది చెక్కకు మళ్లీ మంట తగులుతుంది. అందుకే వేడికి ఆగే జిగురు ఎంచుకోవడం, పైన జిప్సం బోర్డు కప్పడం, మంట మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టడం.

లండన్‌లో ఈ దారి వేసింది వా థిసిల్టన్ అనే ఆర్కిటెక్చర్ సంస్థ. 2009లో వాళ్లు ముర్రే గ్రోవ్‌లో తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టించారు. కింది అంతస్తు కాంక్రీటు, పై ఎనిమిదీ చెక్క, మెట్లూ లిఫ్టు గోడలతో సహా! పలకలు ఆస్ట్రియాలో కోసి లారీల్లో తెస్తే నలుగురు పనివాళ్లు 27 పనిదినాల్లో బిగించేశారు. మన దగ్గర ఒక్క శ్లాబు సెంట్రింగు విప్పడానికే ఎన్నాళ్లు ఆగుతామో మీకు తెలుసు. 2017లో డాల్‌స్టన్‌లో అదే సంస్థ పదంతస్తులు, 121 ఫ్లాట్లు కట్టింది, కాంక్రీటుతో కడితే అయ్యే బరువులో ఐదో వంతే. ఈ తేలికే ఒక్కోసారి ఇబ్బంది. నార్వేలో 85.4 మీటర్ల మ్యోస్టార్నెట్ అనే చెక్క మేడ గాలికి మరీ ఊగకూడదని పై అంతస్తుల్లో కాంక్రీటు శ్లాబులు వేయాల్సొచ్చింది.

గిరాకీ విషయంలో మాత్రం ఒక మాట దాచకూడదు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనం అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. అది చెక్క భవనం కాదు, కాంక్రీటు టవర్‌కు బయట తొడిగిన రేకుల వల్ల, వాటి వెనకున్న పొర వల్ల మంటలు ఎగబాకాయి. అయినా మరుసటి ఏడాది ఇంగ్లండ్ ప్రభుత్వం 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడల్లో మండే పదార్థాలేవీ వాడకూడదని రూలు పెట్టేసరికి చెక్క కూడా అందులో పడిపోయింది. ముర్రే గ్రోవ్ మేడను ఇప్పుడు అదే పద్ధతిలో కట్టనివ్వరు. ఇంతమంది పోయాక ప్రభుత్వం గట్టిగా ఉండడాన్ని నేను తప్పుపట్టను. పని మాత్రం ఆగలేదు, ఆఫీసు భవనాల వైపు మళ్లింది. వా థిసిల్టన్‌వాళ్లే 2023లో లండన్‌లోని షోర్‌డిచ్‌లో ఆరంతస్తుల చెక్క ఆఫీసు పూర్తిచేశారు. నార్వే, స్వీడన్, కెనడా, అమెరికాల్లోనూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

చెదలకు లండన్‌లో భయపడనక్కర్లేదు. అసలు శత్రువు నీళ్లు. బాత్రూమ్‌లో పైపు జాయింటు చెమ్మగిల్లి, పైన టైల్స్ బాగానే కనిపిస్తూ, కింద పలక నెలల తరబడి నానిందనుకోండి, బూజు పట్టి మెత్తబడి చేవ పోతుంది, బయటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అమ్మాయి చేరిన మొదటి వారంలోనే బాత్రూమ్ డ్రాయింగులు గీసే సీనియర్ ఎవరో కనుక్కుని వాళ్ల పక్కన కూర్చోమని చెప్పండి.